శుక్లాల ఆపరేషన్‌కి లెన్స్ ఎంచుకునే ముందు మీ సిలిండర్ ఎంతో అడగండి

శుక్లాల ఆపరేషన్ చేయించుకోబోయేవాళ్లు, ఇంట్లో పెద్దవాళ్లకి చేయించబోయేవాళ్లు దయచేసి ఇది చదవండి. సిలిండర్ అంటే కంటి ముందు పొర వంపులో ఉన్న తేడాని సరిచేసే పవర్. నాకు జరిగింది మీకు జరగకూడదనే రాస్తున్నాను.

"ఇది వేయించుకుంటే దూరానికీ దగ్గరికీ కళ్లద్దాలు అక్కర్లేదు" అన్నారని నమ్మి, కుడికంటికి బాగా ఖరీదైన మల్టీఫోకల్ లెన్స్ వేయించుకున్నాను. ఆపరేషన్ ఏ ఇబ్బందీ లేకుండా అయిపోయింది. మర్నాడు కట్టు విప్పగానే గోడల తెలుపు చూసి ఎంత సంతోషించానో! వారం తిరిగేసరికి అసలు సంగతి తెలిసింది. పేపర్‌లో ప్రతి అక్షరం కిందా దాని నీడలా ఇంకో అక్షరం. వత్తులు అలుక్కుపోయి 'ప' ఏదో 'ష' ఏదో పోల్చుకోలేకపోయేదాన్ని. రాత్రి ఎదురొచ్చే బండి లైటు గుండ్రంగా కాకుండా పైకీ కిందికీ గీతలా సాగి కనిపించేది. అడిగితే "కొన్నాళ్లకి కుదురుకుంటుంది" అన్నారు. ఆరు వారాలు టెన్షన్‌తోనే ఆగాను. కుదురుకోలేదు.

ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్తే, సన్నటి బెజ్జం ఉన్న అట్ట కంటికి అడ్డం పెట్టి చూడమన్నారు. నీడ పోయింది, అక్షరాలు విడివిడిగా కనిపించాయి. అలా కనిపించిందంటే లోపం చాలావరకు పవర్‌లోనే ఉన్నట్టట. పరీక్షలో 1.25 సిలిండర్ మిగిలి ఉందని తేలింది.

కార్నియా, అంటే కంటి ముందు అద్దంలా ఉండే పొర, అన్ని వైపులా ఒకే వంపుతో లేకపోతే వెలుతురు ఒక్కచోట కలవదు. అదే అస్టిగ్మాటిజం. శుక్లం తీసి లోపల లెన్స్ పెట్టినంత మాత్రాన ఆ వంపు సర్దుకోదు. దానికి టోరిక్ లెన్స్ కావాలి. మల్టీఫోకల్ వేరు, టోరిక్ వేరు, రెండు గుణాలూ కలిసిన లెన్సులు కూడా ఉన్నాయి. ఈ ముక్క నాకెవరూ విడమరిచి చెప్పలేదు. ఖరీదు ఎక్కువ కదా, అన్నీ అందులోనే ఉంటాయనుకున్నాను.

బాధేమిటంటే, ఆపరేషన్‌కి ముందు తీసిన కొలతల కాగితం మొదటినుంచీ నా ఫైల్లోనే ఉంది. కార్నియా పవర్ ఒక దిక్కున (కె1) 43.25, దానికి అడ్డంగా (కె2) 44.75. తేడా 1.5. నా కార్నియాలో ఉన్న సిలిండర్ అదే. పాత కళ్లద్దాల్లో సిలిండర్ అర మాత్రమే ఉండటంతో నాకు అనుమానమే రాలేదు. కంట్లో పుట్టుకతో ఉన్న లెన్స్ కొంత లోపాన్ని సర్దుతూ ఉండొచ్చని, దాన్ని తీసేస్తే కార్నియాలో ఉన్నదంతా బయటపడుతుందని తర్వాత తెలిసింది. అందుకే పాత కళ్లద్దాల చీటీ చూసి ధైర్యంగా ఉండకండి. మల్టీఫోకల్ వెలుతురుని దూరానికీ దగ్గరికీ పంచుతుంది కాబట్టి, మామూలు లెన్స్‌తో పెద్దగా తెలియని సిలిండర్ కూడా ఇందులో ఇబ్బంది పెడుతుంది.

టోరిక్ వేయించుకునేవాళ్లు కూడా జాగ్రత్త. అది సరైన కోణంలో కూర్చోవాలి. ఒక్కో డిగ్రీ పక్కకి తిరిగితే సుమారు 3 శాతం ఫలితం పోతుంది, 30 డిగ్రీలు తిరిగితే సిలిండర్ తగ్గనే తగ్గదు. పడుకున్నప్పుడు కన్ను కాస్త తిరుగుతుంది, అందుకే మనిషిని కూర్చోబెట్టి కోణానికి గుర్తు పెడతారు. మీకు ఎలా గుర్తు పెడతారో అడగండి. ఆపరేషన్ తర్వాత చూపు ఉన్నట్టుండి మసకబారితే ఆలస్యం చేయకండి, తిరిగిన లెన్స్‌ని మొదటి వారాల్లో సరిచేయడం తేలిక. కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్లు, కళ్లు పొడిబారేవాళ్లు కొలతలకి ముందే ఆ సంగతి చెప్పాలి, లేకపోతే కొలతలే తప్పుతాయి.

మిగిలిన సిలిండర్‌కి కళ్లద్దాలు, కార్నియా మీద లేజర్, లేదా లెన్స్ మార్పించుకోవడం, ఇవీ ముఖ్యమైన దారులు. చూపు మసకగా ఉందని, లెన్స్ వెనకుండే పొరని లేజర్‌తో తెరుద్దామంటే మాత్రం, ముందు లెన్స్ మార్చాలో వద్దో తేల్చుకోండి. ఆ పొర తెరిచాక లెన్స్ మార్చడం కష్టమవుతుంది, ప్రమాదం కూడా పెరుగుతుంది.

నేను ప్రస్తుతం సిలిండర్ కళ్లద్దాలతోనే చదువుతున్నాను. ఎడమకంటి ఆపరేషన్ వాయిదా వేయించి, కొలతలు మళ్లీ తీయించాను. ఈసారి ఆ కాగితం ముందు పెట్టుకుని, ఏ లెన్స్ వేస్తే ఎంత సిలిండర్ మిగులుతుందో డాక్టర్ చేత రాయించుకున్నాకే తేదీ తీసుకుంటాను.