బాలీ వదిలేసి జకార్తా, జోగ్జా కుర్రకారు మధ్య

ఇండోనేషియా అనగానే మనవాళ్లు బాలీకి టికెట్లు తీసేస్తారు. అక్కడి కుర్రకారు ఎలా బతుకుతున్నారో చూడాలనుకుంటే మాత్రం జకార్తా, యోగ్యకర్త (అక్కడివాళ్లు జోగ్జా అంటారు) వెళ్లండి, సాయంత్రాలు ఖాళీగా ఉంచుకుని మరీ వెళ్లండి. స్నేహితులతో గంటల తరబడి ఊరికే కూర్చోవడం వాళ్లకు రోజువారీ అలవాటు, నొంక్రోంగ్ అంటారు. తక్కువ డబ్బుతో ఎక్కువసేపు కూర్చోనిచ్చే చోటు ఎక్కడుంటే వాళ్లంతా అక్కడే.

జకార్తాలో బ్లాక్ ఎం దగ్గర దిగడం మేలు. పాత బస్ టెర్మినల్ ఏరియా, 2019లో మెట్రో వచ్చాక మళ్లీ కళకళలాడుతోంది. అక్కడి ఎం బ్లాక్ స్పేస్ ఒకప్పుడు నోట్లు ముద్రించే ప్రభుత్వ సంస్థ ఉద్యోగుల క్వార్టర్స్, ఇప్పుడు కేఫ్‌లు, చిన్న షాపులు, మ్యూజిక్ షోలు. బాగుంటుంది గానీ వీకెండ్‌లో కాలు పెట్టే సందుండదు, రేట్లూ ఎక్కువే. నాకైతే బ్లాక్ ఎం స్క్వేర్ మాల్ కింది అంతస్తే నచ్చింది, పాత పుస్తకాలు, క్యాసెట్లు, రికార్డులు, తాము పుట్టకముందు పాటల కోసం కాలేజీ పిల్లలు ఓపిగ్గా ఒక్కొక్కటీ తీసి చూస్తుంటారు.

మొదట దిగిన హోటల్ "మెట్రోకి దగ్గర" అని రాసుకుంది, తీరా చూస్తే ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద చాలా దూరం నడక. అందుకే కోస్‌కి మారాను, మన పీజీ లాంటివి, కొన్నిచోట్ల రోజు అద్దెకీ ఇస్తారు. గది చిన్నదైనా శుభ్రంగా ఉంది. కొన్ని ఆడవాళ్లకే, కొన్ని మగవాళ్లకే, జంటగా వెళ్తే ముందే అడగండి. సిటీ బస్సులో డబ్బులు తీసుకోరు, కార్డు ముందే కొనుక్కోవాలి.

డుకుహ్ అతాస్ స్టేషన్ బయట జీబ్రా క్రాసింగ్ కూడా చూశాను. 2022లో చితాయమ్, డెపోక్ లాంటి శివారు ఊళ్ల నుంచి లోకల్ ట్రైన్‌లో వచ్చిన టీనేజ్ పిల్లలు చవక బట్టలేసుకుని దాన్నే ఫ్యాషన్ షో ర్యాంప్‌గా చేసుకున్నారు, దేశమంతా మాట్లాడుకుంది, ట్రాఫిక్‌కి అడ్డమని అధికారులు ఆపేశారు. టికెట్ లేకుండా కూర్చునే చోటు ఆ పిల్లలకు నగరంలో ఇంకెక్కడుందని నాకు నిజంగా బాధేసింది.

జోగ్జా అలా కాదు. విద్యార్థుల ఊరు, తుగు స్టేషన్ పక్కన రాత్రిళ్లు చాపలు పరుస్తారు, అంగ్‌క్రింగన్ బండి మీద గుప్పెడన్నం పొట్లాలు, పుల్లలకు గుచ్చిన వేపుళ్లు, నిప్పు బొగ్గు వేసిచ్చే కోపి జోస్ అనే కాఫీ. ఒక్క కాఫీతో అర్ధరాత్రి దాకా కూర్చున్నా లేవమన్నవాళ్లు లేరు, పక్క చాప మీది పిల్లలు గిటార్ వాయిస్తూ మమ్మల్నీ పిలిచారు. శాకాహారులు టెంపే (పులియబెట్టిన సోయా ముద్ద), టోఫు తినొచ్చు, సంబల్ అనే మిరప పచ్చడిలో మాత్రం చాలాసార్లు రొయ్యల ముద్ద ఉంటుంది, ముందే అడిగి తినండి. సెలవు తక్కువుంటే జకార్తాలో ఒక రాత్రి తగ్గించుకుని ఇక్కడ ఇంకో రాత్రి ఉండండి.