కొత్త ట్రావెల్ ట్రైలర్ రివ్యూ: అమ్మానాన్న ఉన్న ఆరు నెలల్లో పదకొండు వారాలు సర్వీస్ యార్డులోనే

అమెరికాలో కొత్త ఆర్‌వీ (లోపల వంటిల్లు, మంచం, బాత్రూమ్ ఉండే బండి; మాది ఇంకో వాహనం వెనక తగిలించి లాక్కెళ్లే ట్రావెల్ ట్రైలర్) కొనాలనుకునే మనవాళ్లు, ముఖ్యంగా అమ్మానాన్నలను విజిటర్ వీసా మీద పిలిపించుకుని నాలుగు ఊళ్లు తిప్పి చూపిద్దామనుకునేవాళ్లు, చివరి చెక్కు ఇచ్చేముందు ఇది చదవాలని రాస్తున్నాను. కంపెనీ పేరు, డీలర్ పేరు రాయడం లేదు. మా ఫిర్యాదు ఇంకా నడుస్తోంది.

మేముండేది డాలస్ దగ్గర. నాన్నకు షుగర్, మోకాళ్ల నొప్పులు. గంటన్నరకోసారి బాత్రూమ్ కావాలి. అమ్మ బయటి తిండి ముట్టదు. వాళ్లిద్దరినీ హోటళ్ల చుట్టూ తిప్పేకంటే వంటిల్లు, మంచం, బాత్రూమ్ మన వెంటే ఉంటే మేలనిపించింది. గత ఏడాది ఫిబ్రవరిలో 26 అడుగుల ట్రైలర్ తీసుకున్నాం. ముందు పెద్ద మంచం, వెనక పిల్లలకు బంక్ బెడ్లు, మధ్యలో స్లైడ్ అవుట్, అంటే బండి ఆపాక గోడతోసహా బయటికి జరిగి చోటు పెంచే భాగం, అందులో డైనింగ్ బల్ల. ధర 29,800 డాలర్లు. టాక్సు, ప్రిపరేషన్ ఫీజు అన్నీ కలిపి 33 వేలు దాటింది.

డెలివరీ రోజు డీలర్ మనిషి నలభై నిమిషాల్లో అన్నీ చూపించేశాడు. చలికాలం కదా, పైపులు గడ్డకట్టకుండా వాటిలో యాంటీఫ్రీజ్ ద్రవం పోసి ఉంది, నీళ్లు పెట్టి చూపించడం కుదరదన్నాడు. సరేనన్నాం. ఆ రోజు నీళ్లు పెట్టాల్సిందేనని మేం పట్టుబట్టి ఉంటే, కింద రాసినవాటిలో సగం అక్కడే బయటపడేవి.

మార్చి చివర్లో మొదటి ట్రిప్పు టైలర్ స్టేట్ పార్కుకి. మా ఇంటినుంచి రెండు గంటల దారి. కొత్త చక్రాల నట్లు 10, 25, 50 మైళ్ల దగ్గర మళ్లీ బిగించమని మాన్యువల్‌లో ఉంది. 50 మైళ్లకు మావారు ఆపి టార్క్ రెంచ్ (నట్టు ఎంత బిగిసిందో కొలిచే పానా) వేస్తే రెండు నట్లు సగం చుట్టు తిరిగాయి. ఆ పని మానేస్తే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. మీరు ఎవరి దగ్గర కొన్నా సరే, ఈ ఒక్క పని మాత్రం మానకండి.

ఆ రాత్రి వాన పడింది. డైనింగ్ బల్లను కిందికి దించి మంచంగా మార్చి నాన్నకు పక్క వేశాం. రెండింటికి నాన్న పిలిచారు. "బిడ్డా, దుప్పటి తడుస్తున్నది." టార్చి వేసి చూస్తే స్లైడ్ పైమూల నుంచి నీళ్లు సన్నగా, చెక్క పట్టీ వెంబడి జారి దిండు మీద పడుతున్నాయి. నాన్నను మా మంచం మీదికి పంపి, నేను గిన్నె పెట్టుకుని అక్కడే కూర్చున్నాను. ఆ నిశ్శబ్దంలో ఇంకో చప్పుడు వినిపించింది. కొళాయిలన్నీ కట్టేసే ఉన్నాయి. అయినా పది నిమిషాలకోసారి నీళ్ల పంపు గర్రుమని తిరిగి ఆగుతోంది. కొళాయి విప్పకుండా పంపు తిరిగిందంటే ఎక్కడో నీళ్లు కారుతున్నట్టే. సింకు కింద తలుపు తీసి చేయి పెడితే తడి. పైపు వంపు దగ్గరి నట్టు చేత్తో తిప్పి వదిలేసినట్టుంది. నేను రెండు వేళ్లతో తిప్పితే ఒకటిన్నర చుట్టు బిగిసింది. నీళ్లు ఆగిపోయాయి. కానీ అడుగున ఉన్న చెక్క అప్పటికే ఉబ్బింది.

నాన్న ముప్పై ఒక్క ఏళ్లు మియాపూర్‌లో ఆర్టీసీ బస్ బాడీ యూనిట్‌లో పనిచేసి రిటైర్ అయ్యారు. రేకు, చెక్క, రివెట్లు, రబ్బరు బీడింగు, ఆయన జీవితమంతా వీటి మధ్యే గడిచింది. తెల్లారాక కాఫీ కూడా తాగకుండా కళ్లజోడు పెట్టుకుని ట్రైలర్ లోపలా బయటా ఒక్కో అంగుళం తడిమి చూశారు. నేను ఫోన్‌లో రాసుకుంటూ వెనకే తిరిగాను.

స్లైడ్ మూల దగ్గర ఆయన నన్ను నిచ్చెన ఎక్కించి చూపించారు. స్లైడ్ చుట్టూ రబ్బరు సీల్ ఉంటుంది. పైన అడ్డంగా వచ్చే ముక్క, పక్కన నిలువుగా వచ్చే ముక్క మూలలో ఒకదానిమీద ఒకటి ఎక్కాలి. మా దానిలో పైముక్కను ఒకటిన్నర అంగుళం పొట్టిగా కోశారు. ఆ సందులోంచి నా చూపుడువేలు లోపలికి వెళ్లింది. ఆ పక్కనే ఫ్రేముకి కొట్టిన స్టేపుల్ పిన్నులు కొన్ని చెక్కలోకి దిగనే లేదు, పక్కనుంచి బయటికి వచ్చి గాలిలో ఉన్నాయి. "తప్పు పోవుడు ఎవలకైనా అయితది బిడ్డా. కానీ ఇది చేసినోడు వెనక్కి తిరిగి చూసుకోలే. వాని వెనకున్నోడు గూడ చూడలే" అన్నారు. ఆయన యూనిట్‌లో బస్సు బాడీ అయ్యాక నీళ్లు కొట్టి, లోపల కూర్చుని ఎక్కడ కారుతోందో చూసి సుద్దముక్కతో గుర్తు పెట్టేవాళ్లట. సిటీ బస్సుకే అంత చూస్తే, మనుషులు పడుకునే బండికి ఎందుకు చూడలేదని ఆయన బాధ.

మిగతావి త్వరగా చెప్తాను. పై అల్మరా తలుపు బందు ఊడి వచ్చింది, స్క్రూ చెక్కకి పట్టలేదు, పక్కనున్న కాగితం అంటించిన పల్చటి ప్లైవుడ్‌లోకి పోయింది. బంక్ బెడ్ కింద స్క్రూ మొన బయటికి పొడుచుకొచ్చి మా చిన్నదాని చేయి గీరుకుంది. హీటర్ వేస్తే బాత్రూమ్‌లో వెచ్చదనం లేదు. మంచం పలక ఎత్తితే, వేడిగాలి గొట్టం తగిలించకుండా వదిలేశారు, గాలంతా మంచం కింద పెట్టెలోకే పోతోంది. సింకు నీళ్లు పోయే గ్రే ట్యాంకు ఖాళీ చేయబోతే ధార వస్తూ ఆగుతూ ఉంది. ట్యాంకుకి రంధ్రం కోసినప్పుడు వచ్చిన గుండ్రటి నల్ల ప్లాస్టిక్ బిళ్లను అందులోనే వదిలేశారు. అదే వాల్వు దగ్గర అడ్డం పడుతోంది.

ఇవన్నీ ఒక పూటలో సరిచేసుకోదగ్గవే. నన్ను నిజంగా భయపెట్టింది నీళ్లే. ఇంటికొచ్చాక 35 డాలర్లు పెట్టి చెమ్మ కొలిచే మీటర్ కొన్నాను. గోడలన్నిచోట్లా 9, 10 శాతం చూపించింది. ముందు ఎడమ మూలలో, మంచం తలగడ పక్కన, 27. పైకెక్కి చూస్తే అక్కడి చిన్న లైటుకి పైవైపు, నీళ్లు దిగకుండా పూసే సీలెంటే పూయలేదు. కప్పులోంచి పైకి వచ్చే బాత్రూమ్ గొట్టం చుట్టూ మూడు స్క్రూ తలలు సీలెంట్ లేకుండా బోసిగా ఉన్నాయి.

ఈ రకం ట్రైలర్ గోడ ఎలా ఉంటుందో తెలిస్తే నా టెన్షన్ అర్థమవుతుంది. బయట పల్చటి ఫైబర్‌గ్లాస్ పొర, దాని వెనక రెండు మూడు మిల్లీమీటర్ల ప్లైవుడ్, లోపల ఫోము, అల్యూమినియం గొట్టాల ఫ్రేము. ఇవన్నీ జిగురుతో అతికించి నొక్కిన ఒకే పలక. నీళ్లు ఒక్కసారి లోపలికి దిగితే ప్లైవుడ్ నానుతుంది, జిగురు వదులుతుంది, బయటి పొర బుడగలా లేస్తుంది. దాన్ని డీలామినేషన్ అంటారు. అప్పుడు పైన ఎంత సీలెంట్ పూసినా లాభం లేదు, గోడ పలకే మార్చాలి. చౌక రకం ట్రైలర్లలో అల్యూమినియం రేకు వెనక చెక్క పట్టీలు ఉంటాయి. వాటిలో బుడగ రాదు, లోపల చెక్క కుళ్లుతుంది. బయటికి కనిపించేసరికి ఆలస్యమైపోతుంది.

ఇలా ఎందుకు జరుగుతుందో చదివి తెలుసుకున్నాను. దేశంలో తయారయ్యే ఆర్‌వీల్లో ఎక్కువ భాగం ఇండియానా రాష్ట్రం ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కలే తయారవుతాయి. కార్ల ఫ్యాక్టరీలా రోబోలు ఉండవు, దాదాపు అంతా చేతిపనే. చాలాచోట్ల జీతం గంటల లెక్కన కాదు, ఎన్ని బండ్లు పూర్తయితే అంత. తెల్లవారుజామునే మొదలుపెట్టి ఆ రోజు లెక్క పూర్తిచేసి ఇంటికి వెళ్లిపోతారు. పని వేగంగా అయితే అందరికీ డబ్బు. ఆగి ఆ సీల్ పొట్టిగా ఉందని చెప్పినవాడికి ఏమీ రాదు. కోవిడ్ సమయంలో గిరాకీ పెరిగి 2021లో 6 లక్షలకు పైగా ఆర్‌వీలు ఫ్యాక్టరీల నుంచి బయటికి వచ్చాయి. అప్పటి లోపాలకు ఆ హడావిడే కారణమని చెప్పేవాళ్లు. కానీ 2023కి ఆ సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. మాది ఆ తర్వాత తయారైన బండి. కాబట్టి ఆ హడావిడి సాకు చెల్లదు. అలాగని నేను పనివాళ్లను తప్పుపట్టను. బండ్ల లెక్కన డబ్బిచ్చి, చివర్లో నీళ్లు కొట్టి చూడని పద్ధతిదే తప్పు.

తలుపు పక్కన ఆర్‌వీ పరిశ్రమ సంఘం వాళ్ల స్టిక్కర్ ఉంటుంది. నేను దాన్ని నాణ్యత ముద్ర అనుకున్నాను. కాదు. కరెంటు, గ్యాసు, ప్లంబింగు, అగ్నిప్రమాదాల ప్రమాణాల ప్రకారం కట్టామని తయారీదారు ఇచ్చే హామీ అది. అల్మరా తలుపు నిలుస్తుందా, కప్పు కారుతుందా అన్నది దాని పరిధిలోకి రాదు. ప్రభుత్వ రీకాల్ కూడా అంతే. టైర్లు, బ్రేకులు, గ్యాసు లాంటి భద్రత విషయాలకే వస్తుంది. వాన నీళ్లు కారడం మీ వారంటీ గొడవ.

ఆ వారంటీ సంగతి. ఏప్రిల్ రెండో వారంలో ట్రైలర్‌ని డీలర్ దగ్గర వదిలాం. మూడు వారాలు ఎవరూ ముట్టుకోలేదు. తర్వాత ఫోటోలు తీసి ఫ్యాక్టరీకి పంపారు. అక్కడినుంచి అనుమతి రావాలి, ఆపై సీల్ రావాలి. ఏడు వారాలకు తిరిగిచ్చారు. తెచ్చి చూస్తే సీల్ మార్చలేదు, సందు మీద సీలెంట్ ముద్ద పెట్టారు. స్లైడ్ రెండుసార్లు లోపలికీ బయటికీ జరిగేసరికి అది ఊడిపోయింది. జులైలో మళ్లీ నాలుగు వారాలు. అమ్మానాన్నలకు ఇక్కడ ఉండటానికి ఇచ్చిందే ఆరు నెలలు. అందులో పదకొండు వారాలు ఆ బండి యార్డులో ఎండకు నిలబడి ఉంది. ఫోన్ చేసిన ప్రతిసారీ సర్వీస్ కౌంటర్‌లో అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. ఆమె చేతిలో ఏమీ లేదని నాకూ తెలుసు. కానీ "ఈ శనివారం వెళ్తామా?" అని అమ్మ అడిగినప్పుడల్లా ఏం చెప్పాలో తెలిసేది కాదు.

బాగున్నవి కూడా చెప్పాలి. గ్యాసు పైపులకు సబ్బునీళ్లు పూసి చూశాం, ఒక్క బుడగ లేదు. ఫ్రిజ్, ఏసీ వేరే కంపెనీలవి, టెక్సస్ ఎండల్లో కూడా బ్రహ్మాండంగా పనిచేశాయి. లోపలి అమరిక నిజంగా బాగుంది. టెక్సస్‌లోనే ఉన్న పాలో డ్యురో కాన్యన్‌కి వెళ్లినప్పుడు ఆ ఎర్రటి కొండల ముందు తలుపు తెరిచిపెట్టుకుని అమ్మ పులిహోర కలిపింది. దారిలో నాన్నకు అవసరమైనప్పుడల్లా రెస్ట్ ఏరియాలో ఆపి మన బాత్రూమే వాడుకున్నాం. మేం దీన్ని కొన్నది ఇందుకే. అందుకే దాన్ని అంత నిర్లక్ష్యంగా కట్టారంటే ఇంత కోపం.

మీరు కొంటుంటే, సంతకం పెట్టకముందు సగం రోజు చేతిలో పెట్టుకుని వెళ్లండి. గొట్టంతో నీళ్లు పెట్టించండి, కరెంటు పెట్టించండి. ప్రతి కొళాయి విప్పి, కట్టేసి, పంపు చప్పుడు వినండి. సింకు కిందా మంచం కిందా పొడి గుడ్డతో తుడిచి చూడండి. స్లైడ్ మూడుసార్లు జరపండి. నిచ్చెన అడిగి పైకప్పు ఎక్కండి, ఎక్కనివ్వకపోతే అక్కడ కొనకండి. చెమ్మ మీటర్ తీసుకెళ్లి మూలలన్నీ కొలవండి. మీ వల్ల కాదనుకుంటే ఆర్‌వీలు తనిఖీ చేసే మనిషిని డబ్బిచ్చి పెట్టుకోండి. "తర్వాత సర్వీస్‌కి తెండి, చేసిపెడతాం" అన్న మాట మాత్రం ఒప్పుకోకండి. డబ్బు చేతికి అందనంతవరకే వాళ్లకు తొందర. ఇంకోటి, మీ రాష్ట్రం లెమన్ లా (లోపాలున్న కొత్త బండి కొన్నవాళ్లను కాపాడే చట్టం) ట్రావెల్ ట్రైలర్లకు వర్తిస్తుందో లేదో ముందే చూసుకోండి. చాలా రాష్ట్రాల్లో వర్తించదు. టెక్సస్‌లో వర్తిస్తుంది. ఫిర్యాదు రాష్ట్ర మోటారు వాహనాల శాఖకు ఇవ్వాలి, ఫీజు 35 డాలర్లు. బండి యార్డులో ఉన్న ప్రతి రోజుకీ కాగితం దాచుకోండి. మేం దాచుకున్నాం, ఇచ్చాం.

రేటింగ్ అడిగితే, అమరికకు నాలుగు, పనితనానికి ఒకటి, వారంటీ సర్వీసుకు ఒకటి.

ఆగస్టులో ఎట్టకేలకు కొత్త సీల్ వేశారు, స్లైడ్ మూల ఇప్పుడు కారడం లేదు. వెళ్లేముందు నాన్న ముందు మంచం పక్క అల్మరా తలుపు లోపలివైపు పెన్సిల్‌తో గడులు గీసి, తేదీ వేసి, నాలుగు మూలల మీటర్ అంకెలు రాసిపెట్టారు. ప్రతి వాన తర్వాతా నేను కొలిచి ఆ గడుల్లో రాసి, ఫోటో తీసి ఆయనకు వాట్సాప్‌లో పంపుతున్నాను. నిన్న ఎడమ మూల 16 చూపించింది. "కుడి పక్క మొన్న 10 ఉండె, ఇయ్యాల 12 ఎందుకైంది? పైకెక్కి చూడు బిడ్డా" అని పెట్టారు. శనివారం నిచ్చెన తీయాలి.