అయిదు రాత్రులు నడిచిన జనరేటరు: హ్యూస్టన్ హరికేన్ సీజన్ కోసం కొన్న యంత్రంపై సమీక్ష

పెట్రోలుతోనూ ప్రొపేన్ గ్యాసు సిలిండరుతోనూ నడిచే 7,000 వాట్ల ఇన్వర్టర్ జనరేటరు (భారాన్ని బట్టి ఇంజిను వేగం మారే రకం) మీద, దానిని మా ఇంటి విద్యుత్ ప్యానెల్‌కు కలిపిన ఎలక్ట్రీషియన్ పని మీద ఈ సమీక్ష రాస్తున్నాను. మేము ఉండేది హ్యూస్టన్‌కు నైరుతిగా, ఫోర్ట్ బెండ్ కౌంటీలో. యంత్రాన్ని 2024 మే నెలాఖరులో కొన్నాం. జూలై 8న బెరిల్ హరికేన్ వచ్చి కరెంటు పోయాక అయిదు రోజుల పాటు ఇల్లంతా దాని మీదే నడిచింది. తయారీదారు పేరు రాయకపోవడానికి కారణం ఉంది. నాకు ఎదురైన ఇబ్బందుల్లో చాలావరకు ఆ ఒక్క కంపెనీవి కావు, ఈ తరగతి యంత్రాలన్నింటిలోనూ ఉన్నవే. పేరు రాస్తే చదివేవారి దృష్టి పేరు మీదికే పోతుంది.

కొనడానికి ప్రేరణ హరికేన్ కాదు. 2024 మే 16 సాయంత్రం హ్యూస్టన్ మీదుగా దూసుకుపోయిన పెనుగాలి డౌన్‌టౌన్ భవనాల అద్దాలను పగలగొట్టి, విద్యుత్ టవర్లను మెలితిప్పి పడేసింది. మా ఇంటికి ఒక రాత్రి, ఒక పగలు మాత్రమే కరెంటు పోయింది గానీ, మా స్నేహితుల ఇళ్లలో కొందరు వారం రోజులు చీకట్లో గడిపారు. అప్పటికి విశాఖపట్నం నుంచి అమ్మానాన్నలు మా దగ్గరికి వచ్చి ఉన్నారు, అమ్మ ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు వాళ్లిద్దరూ ఆ ఊళ్లోనే ఉన్నారు. మే 16 రాత్రి ఇక్కడ కరెంటు పోయినప్పుడు నాన్న అన్న మాట ఇది: “హుద్‌హుద్‌లో మనకి బావి ఉందిరా, వీధి వీధంతా తెలిసినవాళ్లు. ఇక్కడ బావీ లేదు, పక్కింటాయన పేరూ తెలీదు.” మరుసటి వారమే జనరేటర్ల వేట మొదలుపెట్టాను.

ఇక్కడ మనవాళ్లు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. హరికేన్ వస్తోందంటే “ఒకటో కేటగిరీయే కదా” అని కొట్టిపారేస్తారు. కేటగిరీ చెప్పేది గాలి వేగం మాత్రమే, ఒకటో కేటగిరీ అంటే గంటకు 74 నుంచి 95 మైళ్లు. కరేబియన్ సముద్రంలో అయిదో కేటగిరీకి చేరి, సంవత్సరంలో అంత ముందుగా ఆ స్థాయిని అందుకున్న తొలి అట్లాంటిక్ తుఫానుగా నమోదైన బెరిల్, మటగోర్డా దగ్గర టెక్సస్ తీరాన్ని తాకేసరికి ఒకటో కేటగిరీకి దిగిపోయింది. అయినా 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. తీగల పక్కన ఎన్ని చెట్లు పెరిగాయో, స్తంభాలు ఎంత పాతవో కేటగిరీ చెప్పదు. ఆ వెంటనే వచ్చిన జూలై ఎండ గాలికంటే ఎక్కువ బాధించింది.

యంత్రం విషయానికి వస్తే, పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే 9,000 అంకె మోటార్లు మొదలయ్యే క్షణంలో తట్టుకునే శక్తి. నిలకడగా ఇచ్చేది 7,000 వాట్లు, ప్రొపేన్ మీద నడిపితే అందులో ఇంకో పదో వంతు తగ్గుతుంది. మాకు ఇది సరిపోయింది. రెండు ఫ్రిజ్‌లు, ఒక డీప్ ఫ్రీజరు, దీపాలు, ఫ్యాన్లు, ఇంటర్నెట్ రౌటరు, పడక గదుల్లో రెండు చిన్న కిటికీ ఏసీలు అన్నీ కలిపి సగం సామర్థ్యం కూడా దాటలేదు. మిక్సీ కూడా తిరిగింది, అయితే మైక్రోవేవ్ నడుస్తుండగా మిక్సీ వేయవద్దని ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ఇంటి మొత్తానికి ఉండే సెంట్రల్ ఏసీని మాత్రం ఇది లేపలేదు. దాని కంప్రెసర్ మొదలయ్యేటప్పుడు లాగే కరెంటును తగ్గించే సాఫ్ట్ స్టార్టర్ అనే పరికరం వేరుగా బిగిస్తే కొన్ని ఇళ్లలో సాధ్యమవుతుంది గానీ, మేము ఆ జోలికి పోలేదు. కిటికీ ఏసీలు రెండూ కలిపి 400 డాలర్ల లోపే వచ్చాయి, అందరం రెండు గదుల్లో పడుకున్నాం.

యంత్రానికి పన్నుతో కలిపి 1,600 డాలర్ల దాకా అయింది. టెక్సస్‌లో ఏటా ఏప్రిల్ చివర ఒక వారాంతం అత్యవసర సామగ్రికి అమ్మకపు పన్ను ఉండదు, 3,000 డాలర్ల లోపు పోర్టబుల్ జనరేటర్లకూ అది వర్తిస్తుంది. ఒక్క నెల ఆలస్యం చేసి సుమారు 120 డాలర్లు పోగొట్టుకున్నాను.

ఇప్పుడు ఎలక్ట్రీషియన్ పని. సమీక్షలో ఎక్కువ భాగం దీనికే కేటాయిస్తున్నాను, ఎందుకంటే జనరేటరు బాగుందా లేదా అన్నది సగానికి సగం ఇక్కడే తేలుతుంది. ఇంటి గోడకు బయట జనరేటరు తీగ గుచ్చే 30 ఆంపియర్ల ఇన్‌లెట్ పెట్టె, ప్యానెల్‌లో ఇంటర్‌లాక్ బిగించడానికి అనుమతి పత్రంతో సహా 950 డాలర్లు తీసుకున్నాడు. ఇంటర్‌లాక్ అంటే చిన్న ఇనుప పలక. వీధి కరెంటు వచ్చే మెయిన్ బ్రేకర్ ఆపితే తప్ప జనరేటరు బ్రేకర్ పైకి లేవకుండా అది అడ్డుపడుతుంది. అది లేకుండా, రెండు చివరలా మగ ప్లగ్గు ఉన్న తీగను బట్టలారబెట్టే యంత్రం సాకెట్‌లో గుచ్చి ఇంటికి కరెంటు ఎక్కించే పద్ధతిని మా పరిచయస్థులలోనే ఒకరు గొప్పగా చెప్పగా విన్నాను. అలా చేస్తే ఆ కరెంటు వీధిలోని ట్రాన్స్‌ఫార్మరు దాకా వెనక్కి పారి, తీగలు బాగుచేయడానికి స్తంభం ఎక్కిన మనిషిని చంపగలదు. అది చట్టవిరుద్ధం కూడా. ఈ విషయంలో మా ఎలక్ట్రీషియన్ పని శుభ్రంగా ఉంది, నగర తనిఖీ అధికారి మొదటిసారే ఆమోదించాడు.

లోపం ప్రయోగాత్మకంగా నడిపిన రోజున బయటపడింది. ప్యానెల్‌కు కలిపి బ్రేకర్ ఎత్తగానే జనరేటరు సాకెట్‌లోని షాక్ నిరోధక రక్షణ టక్కున ఆపేసింది. మూడుసార్లు ప్రయత్నించినా అంతే. కారణం ఏమిటంటే, ఈ యంత్రంలో న్యూట్రల్ తీగ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) ఫ్రేముకు కలిపి ఉంటుంది, ఇంటి ప్యానెల్‌లోనూ న్యూట్రల్ ఎర్త్‌కు కలిసే ఉంటుంది. రెండు చోట్లా కలిసి ఉన్నప్పుడు తిరుగు కరెంటులో కొంత ఎర్త్ తీగ గుండా వెళ్తుంది, దాన్ని లీకేజీ అనుకుని రక్షణ పరికరం పని ఆపుతుంది. ఇంటికి కలిపినప్పుడు యంత్రంలోని ఆ లంకెను తీయవచ్చని, ఎలా తీయాలో కూడా తయారీదారు మాన్యువల్‌లో ఉంది. ఎలక్ట్రీషియన్ రెండోసారి వచ్చి తీసి, ఆ సంగతి రాసిన చీటీ యంత్రానికి అంటించి వెళ్లాడు. అదనంగా డబ్బు అడగలేదు. కానీ ఈ పరీక్ష జూన్‌లో చేయకుండా హరికేన్ వచ్చిన రోజున మొదటిసారి తీగ గుచ్చి ఉంటే, ఆ వారమంతా మాకు ఎలక్ట్రీషియన్ దొరికేవాడు కాదు.

ఇంకో లోపం నాది. “ప్యానెల్ గ్యారేజీలో ఉంది కాబట్టి ఇన్‌లెట్ పెట్టె దాని వెనక గోడకే పెడితే తీగ ఖర్చు తగ్గుతుంది” అని అతను అన్నప్పుడు సరేనన్నాను. ఆ గోడకూ పక్కింటి కంచెకూ మధ్య ఎనిమిది అడుగుల సందు మాత్రమే ఉంది. జనరేటరును ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ కిటికీలకు ఎదురుగా రాకుండా పెట్టాలని, తలుపులు తెరిచి ఉన్నా సరే గ్యారేజీలో నడపకూడదని అమెరికా కన్స్యూమర్ ప్రొడక్ట్ సేఫ్టీ కమిషన్ చెబుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, బెరిల్ తర్వాత ఈ ప్రాంతంలో దాని వల్ల ప్రాణాలు పోయినవారు ఉన్నారు. కాబట్టి సందులో పెట్టడం కుదరలేదు. పెరట్లోకి చేరాలంటే నేను కొన్న 30 అడుగుల తీగ చాలలేదు. చివరకు ఇంటి ముందున్న వాహన మార్గం చివర పెట్టి, రాత్రిళ్లు ఎవరూ ఎత్తుకుపోకుండా కారుకు గొలుసుతో కట్టాం. యంత్రంలోనే ఉన్న కార్బన్ మోనాక్సైడ్ సెన్సరు రెండో రోజున గాలి మళ్లినప్పుడు ఒకసారి ఇంజిను ఆపేసింది. విసుగనిపించింది గానీ, అది పనిచేస్తున్నదని తెలియడం మంచిదే. పడక గదుల బయట బ్యాటరీతో నడిచే అలారాలు రెండు వేరుగా పెట్టుకున్నాం.

తుఫాను వీస్తున్నంతసేపూ ఈ యంత్రం ఎందుకూ పనికిరాదని కొత్తవారికి చెప్పాలి. వానలో, ఈదురుగాలిలో నడపకూడదు. బెరిల్ తెల్లవారుజామున తీరం దాటింది, మా వీధిలో చెట్ల కొమ్మలు విరిగిపడటం మధ్యాహ్నానికి తగ్గాకే తీగ గుచ్చాను. అప్పటిదాకా ఫ్రిజ్ తలుపు తెరవకుండా ఉండటమే పని. తలుపు మూసి ఉంటే ఫ్రిజ్ నాలుగు గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజరు రెండు రోజులు చల్లదనాన్ని నిలుపుకుంటాయి. మా ఇంట్లో ఇన్సులిన్ ఐసు ముక్కలకు నేరుగా తగలకుండా చిన్న కూలర్‌లోకి మారింది.

ఇంధనం గురించి: ఇక్కడ పెట్రోలును గ్యాసు అంటారు, వంట గ్యాసునూ గ్యాసే అంటారు. నాన్న రెండు రోజులు తికమకపడ్డారు, అందుకే నేను పెట్రోలు అనే రాస్తున్నాను. తుఫాను మర్నాడు పెట్రోలు బంకుల్లో సగానికి కరెంటు లేదు, తెరిచిన చోట వరుసలు రోడ్డు మీదికి వచ్చాయి. ముందుగా నింపి పెట్టుకున్న నాలుగు ప్రొపేన్ సిలిండర్లే మమ్మల్ని ఆదుకున్నాయి. 20 పౌండ్ల సిలిండరు మా రాత్రి వాడకానికి ఏడెనిమిది గంటలు వచ్చింది. దుకాణాల ముందు ఖాళీది ఇచ్చి నిండుది తీసుకునే ఇనుప పంజరాల్లోని సిలిండర్లను చాలాచోట్ల 15 పౌండ్లకే నింపుతారు, తూకం వేసి నింపే దుకాణానికి వెళ్తే అదే ధరకు ఎక్కువ వస్తుంది. పెట్రోలు నెలల తరబడి నిలవ ఉంటే కార్బురేటరులో జిగురు కడుతుంది, ప్రొపేన్‌కు ఆ బెడద లేదు. అయితే అన్నింటికంటే పెద్ద పాఠం వేరే ఉంది. మా వీధిలో గొట్టపు గ్యాసు ఆ అయిదు రోజులూ ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ గొట్టానికి కూడా తగిలించుకోగల మూడు ఇంధనాల నమూనా అప్పుడే అంగట్లో ఉంది, రెండు మూడు వందలు మిగులుతాయని దాన్ని వదిలేశాను. శక్తి కొంత తగ్గినా సరే, గొట్టపు గ్యాసు ఉన్న ఇంటికి నేను సిఫారసు చేసేది ఆ నమూనానే.

మూడో రాత్రి మూడు గంటలకు యంత్రం దానంతట అదే ఆగిపోయింది. పాడైందని కంగారుపడ్డాం గానీ, ఆయిల్ తగ్గితే ఇంజిను కాలిపోకుండా ఆపే సెన్సరు పని అది. మాన్యువల్ ప్రకారం మొదటి 25 గంటలకే ఆయిల్ మార్చాల్సి ఉండగా, అప్పటికి ముప్పై దాటాయి. ఫ్లాష్‌లైట్ వెలుతురులో గరాటు పట్టుకున్నది నాన్న. రెండు సీసాల ఆయిల్, ఒక స్పార్క్ ప్లగ్గు యంత్రంతో పాటే కొనిపెట్టుకోవాలి. తుఫాను తర్వాత దుకాణాల్లో అవి దొరకవు.

శబ్దం మాటకొస్తే, ఇన్వర్టర్ రకం కాబట్టి పాతకాలపు యంత్రాలంత రొద లేదు, భారం తగ్గితే ఇంజిను వేగమూ తగ్గుతుంది. అయినా రాత్రి పది దాటాక నిశ్శబ్దంగా ఉన్న వీధిలో అది బాగానే వినబడుతుంది. మొదటి రోజే ఇరుగుపొరుగు తలుపులు తట్టి చెప్పాం, అలా వెళ్లినప్పుడే పక్కింటాయన పేరు తెలిసింది. ఎనభై దాటిన ఆ దంపతుల ఫ్రిజ్‌కు, ఒక ఫ్యానుకు కంచె మీదుగా మందపు ఎక్స్‌టెన్షన్ తీగ ఇచ్చాం. వీధిలోని మరో మూడు తెలుగు కుటుంబాలు తమ ఫ్రీజరు సామాను మా డీప్ ఫ్రీజరులోకి చేర్చాయి. అందులో గోంగూర పొట్లాలు ఎవరివి ఎన్నో చివరికి లెక్క తేలలేదు. ఎక్కడ కరెంటు ఉందో తెలుసుకోవడానికి ఆ వారం హ్యూస్టన్ జనం వాటాబర్గర్ అనే బర్గర్ల దుకాణాల సంస్థ యాప్‌లో తెరిచి ఉన్న దుకాణాల పటం చూశారు, మా ఇంట్లో ఆ పని పిల్లలు చేశారు. వీధిలో నాలుగు ఇళ్లకు ఇలాంటి యంత్రం ఒకటి, ఇంధనం తలా కొంత అన్న ఏర్పాటు ముందే చేసుకుంటే ఇంటికొకటి కొనాల్సిన అవసరం లేదని నా అభిప్రాయం.

అయిదు మార్కులకు గాను యంత్రానికి నాలుగు, ఎలక్ట్రీషియన్‌కు నాలుగు, నా ప్రణాళికకు రెండున్నర ఇస్తాను. అద్దె అపార్ట్‌మెంటులో ఉండేవారికి ఇది పనికిరాదు. వారు బాల్కనీలో జనరేటరు నడిపే ఆలోచన మాని, బ్యాటరీ పవర్ స్టేషన్ (ఛార్జి చేసి పెట్టుకుని వాడుకునే పెద్ద బ్యాటరీ పెట్టె) చూసుకోవాలి. సొంత ఇల్లు ఉండి వరద బీమా లేనివారు ముందు ఆ డబ్బు బీమాకు కట్టాలి. మామూలు గృహ బీమా వరద నష్టాన్ని భరించదు, జాతీయ వరద బీమా పథకం కింద తీసుకునే పాలసీ సాధారణంగా 30 రోజుల తర్వాతే అమలులోకి వస్తుంది, కాబట్టి మెక్సికో సింధుశాఖలో తుఫాను పుట్టాక కడితే లాభం లేదు. 2017లో హార్వీ హరికేన్ వరద నీళ్లు ఇంట్లోకి వచ్చిన మిత్రులకు జనరేటరు ఉన్నా ఒరిగేదేమీ ఉండేది కాదు.

ఇప్పుడు నెలకొకసారి, మొదటి శనివారం, ప్రొపేన్ మీద ఇరవై నిమిషాలు నడిపి ఆపుతున్నాను. ఇన్‌లెట్ పెట్టెను పెరటి వైపు గోడకు మార్చడానికి అదే ఎలక్ట్రీషియన్ 450 డాలర్లు చెప్పాడు. సీజన్ జూన్ 1న మొదలవుతుంది కాబట్టి మే రెండో వారానికి తేదీ తీసుకున్నాం, 50 అడుగుల తీగ ఇప్పటికే వచ్చి గ్యారేజీలో ఉంది.