అనంతపురం ఎండల్లో పాత అనలాగ్ సింథసైజర్లు, వాటిని నడిపే కొత్త సీక్వెన్సర్: దీర్ఘకాల వాడకం తర్వాత సమీక్ష

అనంతపురంలో మా మిద్దెపై గదిలో మూడు పాత సింథసైజర్లు ఉన్నాయి: 1978లో వచ్చిన కోర్గ్ ఎంఎస్-20, 1982లో వచ్చిన రోలాండ్ ఎస్‌హెచ్-101, 1984లో వచ్చిన రోలాండ్ జూనో-106. వీటిని 2015లో విడుదలైన ఆర్టూరియా బీట్‌స్టెప్ ప్రో అనే సీక్వెన్సర్‌తో (ముందే పేర్చిన స్వరాలను వరుసగా వాద్యాలకు పంపే పెట్టెతో) కొన్నేళ్లుగా నడుపుతున్నాను. నృత్య ప్రదర్శనలకూ లఘుచిత్రాలకూ నేను చేసే నేపథ్య సంగీతంలో బేస్ (మంద్ర స్వరాలు), లీడ్ (ప్రధాన స్వరవరుస) ఎక్కువగా వీటి నుంచే వస్తాయి. ఇంతకాలం వాడాక నాకు తేలింది ఏమిటంటే, లయ విషయంలో ఈ పెట్టెను పూర్తిగా నమ్మవచ్చు గానీ, శ్రుతి విషయంలో అది ఎంత కచ్చితంగా ఆజ్ఞ పంపినా చివరి మాట గదిలోని వేడిదీ, గోడలోంచి వచ్చే కరెంటుదీ అవుతుంది. కొనదలచినవారు బొత్తాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టే ముందు ఈ సంగతి ఆలోచించుకోవడం మేలు.

ఈ మూడు వాద్యాలూ మూడు రకాల ఆజ్ఞలను కోరుతాయి. 1983లో మిడి ప్రమాణం (వాద్యాలు ఒకదానికొకటి ఆజ్ఞలు పంపుకునే డిజిటల్ భాష) వచ్చిన తర్వాత తయారైనది కాబట్టి జూనో-106 మిడి సందేశాన్ని నేరుగా అందుకుంటుంది. ఎస్‌హెచ్-101కు మిడి లేదు. దానికి ఏ స్వరం పలకాలో చెప్పేది ఒక వోల్టేజీ, ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగాలో చెప్పేది గేట్ అనే మరో వోల్టేజీ. అందులో ఒక స్థాయికి (ఆక్టేవ్‌కు) ఒక వోల్టు, అంటే అర్ధస్వరానికి సుమారు 83 మిల్లీవోల్టులు. దారిలో ఎక్కడైనా 5 మిల్లీవోల్టులు అటూ ఇటూ అయితే స్వరం 6 సెంట్లు (అర్ధస్వరంలో నూరో వంతు ఒక సెంటు) తప్పుతుంది, తంబూర పక్కన పెట్టి వింటే ఆ తేడా చెవికి తగులుతుంది. ఎంఎస్-20ది ఇంకో లెక్క. అక్కడ స్థాయి పెరిగిన ప్రతిసారీ వోల్టేజీ రెట్టింపవుతుంది: 1, 2, 4, 8 వోల్టులు. అందువల్ల 4 వోల్టుల దగ్గర పక్క స్వరానికి 238 మిల్లీవోల్టుల దూరం ఉంటే, అర వోల్టు దగ్గర అది 30 మిల్లీవోల్టులకు కుదించుకుపోతుంది. మంద్రస్థాయిలో ఎంఎస్-20 ఎందుకు మొండికేస్తుందో ఈ అంకెల్లోనే ఉంది. పైగా దాని గేట్ వోల్టేజీ పెరగడంతో కాదు, తీగ భూమికి కలవడంతో మోగుతుంది. ఈ రెండు పద్ధతులూ తారుమారైతే నోట్ నొక్కినప్పుడు ఆగి, వదిలినప్పుడు మోగుతూ ఉంటుంది. బీట్‌స్టెప్ ప్రోలో రెండు స్వర సీక్వెన్సర్లకూ ఈ పద్ధతులను వేర్వేరుగా ఎంచుకోవచ్చు. కంప్యూటర్‌కు కలిపి ఒకసారి అమర్చుకున్నాక మళ్లీ దాని జోలికి వెళ్లే అవసరం నాకు రాలేదు.

శ్రుతి సంగతికి వస్తే, ధ్వనిని పుట్టించే అనలాగ్ ఆసిలేటర్‌లో వోల్టేజీని పౌనఃపున్యంగా మార్చే ట్రాన్సిస్టర్లు ఉష్ణోగ్రతను బట్టి ప్రవర్తన మార్చుకుంటాయి. గది వేడి దగ్గర ఆ మార్పు డిగ్రీకి సుమారు 0.33 శాతం. సవరణ లేని వలయంలో ఒక స్థాయి పైకి వెళ్లేసరికి అది డిగ్రీకి 4 సెంట్ల తేడా అవుతుంది. ఎస్‌హెచ్-101లోని సీఈఎం 3340 చిప్‌కు ఈ సవరణ లోపలే ఉంది కాబట్టి అది చాలావరకు నిలబడుతుంది. అయినా ఏప్రిల్, మే నెలల్లో బయట 40 డిగ్రీలు దాటి మిద్దె కాలుతున్నప్పుడు, పొద్దున సరిచేసిన శ్రుతి మధ్యాహ్నానికి అలాగే ఉంటుందని ఆశించడం అత్యాశే. వాద్యాన్ని అరగంట ముందే ఆన్ చేసి వేడెక్కనిచ్చి, శ్రుతిపెట్టెకు మంద్రషడ్జం సరిచేసి, ఆ తర్వాత తారషడ్జం పరీక్షించడం నా పద్ధతి. కింద సరిపోయి పైన తప్పుతుంటే అది వోల్టేజీ నిష్పత్తిలోని లోపం, ముందున్న ట్యూన్ నాబ్ ఎంత తిప్పినా పోదు. వేసవిలో రికార్డింగులన్నీ తెల్లవారుజామున పెట్టుకుంటాను. ఇందులో సీక్వెన్సర్ చేయగలిగింది ఏమీ లేదు.

కరెంటు గురించి కొంచెం. నా జూనో జపాన్‌లో అమ్మిన 100 వోల్టుల రకం కావడంతో, మన 230 వోల్టులను తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా దాన్ని ప్లగ్గులో పెట్టడానికి వీల్లేదు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడిస్తే స్పీకర్లలో వచ్చే గుర్రుమనే చప్పుడు అందరికీ తెలిసిందే. అంతకంటే కనిపెట్టడానికి కష్టమైనది, యూఎస్‌బీ ఛార్జర్ నుంచి సీక్వెన్సర్‌లోకి, అక్కడి నుంచి సీవీ తీగ (స్వరపు వోల్టేజీని మోసే తీగ) గుండా సింథసైజర్‌లోకి పాకే సన్నని రొద. సీక్వెన్సర్‌ను పవర్ బ్యాంక్ మీద నడపడం మొదలుపెట్టాక ఆ రొద పూర్తిగా పోయింది. కరెంటు పోయినప్పుడు సేవ్ చేయని ప్యాటర్న్‌లు చెరిగిపోకుండా నిలవడం అదనపు లాభం.

నాకు బాగా నచ్చినది లయ. బీట్‌స్టెప్ ప్రోలో రెండు స్వర సీక్వెన్సర్లకూ, డ్రమ్ సీక్వెన్సర్‌కూ ఒక్కొక్కదానికి 64 స్టెప్‌ల (వరుసలోని గడుల) వరకు నిడివి ఉంది, చివరి స్టెప్ ఎక్కడో దేనికదే నిర్ణయించుకోవచ్చు. ఆదితాళాన్ని అక్షరానికి నాలుగు చొప్పున 32 స్టెప్‌లలో, మిశ్రచాపును 14 స్టెప్‌లలో పెట్టుకుంటాను. డ్రమ్స్ 16 మీద తిరుగుతుండగా బేస్ 14 మీద తిరిగితే రెండూ మళ్లీ 112వ స్టెప్ పూర్తయ్యాకే సమంలో కలుస్తాయి. నాట్యం చేసేవారు ఆ కలయిక కోసం ఎదురుచూసేలా చేయవచ్చు. దీనికంటే మంచి ప్రయోగం ఒకటుంది. ఎస్‌హెచ్-101లో 100 స్టెప్‌ల సొంత సీక్వెన్సర్ ఉంది, దాని క్లాక్ ఇన్‌పుట్‌కు ఒక్కో పల్స్ అందిన కొద్దీ అది ఒక్కో స్వరం ముందుకు కదులుతుంది. బీట్‌స్టెప్ ప్రోలో ఎనిమిది డ్రమ్ గేట్లు ఉన్నాయి కదా, అందులో ఒకదాన్ని ఆ క్లాక్‌లోకి ఇచ్చి, తకిట తకధిమి అనే ఏడు మాత్రల నడకలో నాలుగు చోట్ల మాత్రమే దెబ్బ వేసి, ఎస్‌హెచ్-101లో పది స్వరాల వరుస పెడితే, జతి ఒకచోట తిరుగుతూ స్వరం మరోచోట తిరుగుతూ ఎంతసేపైనా విసుగు పుట్టని సంచారం వస్తుంది. ఏ కంప్యూటర్ ప్లగిన్‌తోనైనా ఇది చేయవచ్చని అంటారు. చేయవచ్చు, కానీ చేత్తో గేట్లు నొక్కుతూ అప్పటికప్పుడు జతి మార్చే సుఖం మౌస్‌తో రాదు.

గమకాల విషయంలో ఆశలు తగ్గించుకోవాలి. గేట్ నిడివిని చివరిదాకా తిప్పితే ఒక స్టెప్ తర్వాతి దానితో ముడిపడుతుంది; ఎస్‌హెచ్-101లో పోర్టమెంటోను (ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారే సౌకర్యాన్ని) ఆటోలో ఉంచితే అలా ముడిపడిన స్వరాల మధ్య మాత్రమే జారు పలుకుతుంది. మోహన, హంసధ్వని వంటి రాగాల్లో సాదా స్వరాలూ అక్కడక్కడ జారూ కలిస్తే వినసొంపుగానే ఉంటుంది. తోడిలో గాంధారాన్ని ఊపాలంటే మాత్రం ఎల్ఎఫ్ఓతో (స్వరాన్ని ఒకే తీరున ఊపే వలయంతో) చేసేది యంత్రపు వణుకుగా తేలిపోతుంది, అక్కడ కుడిచేత్తో బెండర్ (శ్రుతిని వంచే మీట) పట్టుకోవడమే దారి. ఎంఎస్-20కి ఇంకొక వెసులుబాటు ఉంది. సీక్వెన్సర్ పంపే వెలాసిటీ (నోట్ ఎంత గట్టిగా కొట్టారో చెప్పే) వోల్టేజీని దాని ప్యాచ్ ప్యానెల్ ద్వారా ఫిల్టర్ కటాఫ్‌కు (ధ్వనిలో ఏ పౌనఃపున్యం దగ్గర కోత మొదలవాలో నిర్ణయించే చోటుకు) కలిపితే, గట్టిగా కొట్టిన నోట్ ప్రకాశంగా, మెల్లగా కొట్టినది మసకగా పలుకుతుంది. ఎస్‌హెచ్-101 ఫిల్టర్‌కు బయటి నుంచి అలాంటి ప్రవేశం లేదు.

జూనో దగ్గర ఈ సీక్వెన్సర్ పరిధి చిన్నది. స్వర సీక్వెన్సర్లు రెండూ ఒక్కో స్టెప్‌కు ఒక్క నోటే పంపుతాయి కాబట్టి ఆరు గొంతుల (ఒకేసారి ఆరు స్వరాలు పలికే) వాద్యానికి కార్డ్స్ (కలిసి మోగే స్వరాల గుంపులు) పంపడం కుదరదు. జూనో వెలాసిటీని పట్టించుకోదు కూడా. అయితే జూనో-60లో ఉండి 106లో తీసేసిన ఆర్పెజియేటర్ (నొక్కి పట్టిన స్వరాలను ఒక్కొక్కటిగా పలికించే సాధనం) లోటును ఇది బాగా తీరుస్తుంది. వాద్యపు ఆరోగ్యం తెలుసుకోవడానికీ ఇదే మంచి సాధనం: జూనో తన ఆరు గొంతులను వంతులవారీగా వాడుతుంది కనుక, ఒకే నోట్‌ను వరుసగా పంపినప్పుడు ప్రతి ఆరోది మూగబోతే ఆ గొంతు తాలూకు చిప్ పోయిందని అర్థం. పాత జూనో కొనేముందు అమ్మేవారి ఎదుటే ఈ పరీక్ష చేయండి.

తీగలు ముందే సమకూర్చుకోండి. ఎస్‌హెచ్-101కు 3.5 మిల్లీమీటర్ల చిన్న పిన్నులు, పాత ఎంఎస్-20కి 6.35 మిల్లీమీటర్ల లావు పిన్నులు కావాలి. బీట్‌స్టెప్ ప్రో మిడిని చిన్న పిన్ను అడాప్టర్ ద్వారా పంపుతుంది. 2018లో ఆ అడాప్టర్ల తీగల వరుసకు ఉమ్మడి ప్రమాణం రాకముందే ఇది వచ్చింది కనుక, దీనిది బీ రకం, ఇప్పుడు ఎక్కువగా దొరికేది ఏ రకం. పెట్టెలో వచ్చినది పోతే అడిగి మరీ బీ రకమే తెచ్చుకోవాలి. బెంగళూరు ఎస్పీ రోడ్డులో విడిభాగాలు కొని సోల్డర్ చేయించుకోవడం కూడా తేలికే. ఒకసారికి ఒక్క స్వరమే పలికే అనలాగ్ వాద్యాలు ఒకటి రెండు ఉన్నవారికి దీన్ని సందేహం లేకుండా సూచిస్తాను. జూనో వంటిది ఒక్కటే ఉన్నవారు మాత్రం స్టెప్‌కు అనేక నోట్లు పంపగల సీక్వెన్సర్‌ను చూసుకోవాలి. నేనైతే కార్డ్స్ వరకు కంప్యూటర్ నుంచే పంపుతున్నాను.