కోనోకార్పసా, కానుగా?

మా పాలమూరుల కొత్త వెంచర్ల గోడల పొంటి అంతా కోనోకార్పసే, సోమాలియా దిక్కు చెట్టు అది, రెండేండ్లల గోడ దాటి లేస్తది, ఏడాది పొడుగు పచ్చగుంటది, కాదనను. కానీ మా గల్లీల డ్రైనేజీ పైపు తవ్వితే లోపల జడ లెక్క అల్లుకున్నయి దాని వేర్లు.

కానుగ మెల్లగ పెరుగుతది, ఎండకాలం మొదట్ల ఆకంత రాల్చి ఊడ్చేటోళ్లను సతాయిస్తది. అయితేంది, కొన్ని రోజులల్లనే లేతాకు మెరుస్తది, ఆ నీడల కూసుంటే ఏప్రిల్ ఎండ గుడ తెల్వది, పూతకు తేనెటీగలు, గింజల నూనె దీపాలకు, ఆకు పొలంల తొక్కితే ఎరువు, గాలిల నత్రజనిని వేర్ల బుడిపెలతోని భూమికే ఇస్తది. పిల్లలమర్రి అసొంటి పాత మర్రిమాను ఉన్న ఊర్ల ఉండి సోమాలియా చెట్టుకు నీళ్లు పోసుడేందో! నేనైతే గేటు కాడ కానుగ పెట్టిన, గోడ పొంటి వావిలి.