తెలుగు ఓసీఆర్ ఎక్కించాలంటే ఆప్ట్, బ్రూ, వింగెట్, స్కూప్... ఏది మేలు?

స్కాన్ చేసిన తెలుగు పేజీని మళ్లీ టైపు చేసే పని లేకుండా అక్షరాలుగా మార్చుకోవడమే ఓసీఆర్. దానికి ఉచితంగా దొరికే మంచి సాధనం టెసరాక్ట్. 1980ల్లో హెచ్‌పీ కంపెనీలో మొదలైంది, 2005లో ఓపెన్ సోర్స్ అయింది. దీనికి బటన్లూ మెనూలూ ఉండవు, టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే విండోలో) కమాండ్ ఇవ్వాల్సిందే. ఒంగోలు డీటీపీ షాపుల వాళ్లయినా, కనిగిరి, పొదిలి వైపు నుంచి వచ్చి బీటెక్ చదువుకునే పిల్లలైనా నన్ను అడిగేది ఒకటే: దీన్ని మా సిస్టమ్‌లో ఎలా ఎక్కించాలి? కనబడిన సైటులోంచల్లా సెటప్ ఫైళ్లు దించుకోవద్దు, ప్యాకేజీ మేనేజర్‌తో (కమాండ్ ఇస్తే సాఫ్ట్‌వేర్‌ను దించి ఎక్కించే ప్రోగ్రామ్) ఎక్కించుకోండి అంటాను. ఆప్ట్, బ్రూ, వింగెట్, స్కూప్ అలాంటివే. అయితే అవన్నీ ఒక్కలా ఉండవు. తెలుగు దగ్గరికొచ్చేసరికి తేడా బాగా తెలుస్తుంది.

లినక్స్ రకాలైన ఉబుంటు, డెబియన్ ఉన్నవాళ్లకు ఆప్ట్ ఉంది, అసలు ఇబ్బందే లేదు. ముందు ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’ ఇచ్చి, తర్వాత ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్’ అని పక్కన రెండు పేర్లు రాస్తే చాలు: టెసరాక్ట్-ఓసీఆర్, టెసరాక్ట్-ఓసీఆర్-టెల్. చివరి ‘టెల్’ తెలుగుకు గుర్తు. ఇక్కడ ఏ భాష ప్యాకేజీ ఆ భాషకే విడిగా ఉంటుంది. తెలుగు అడిగితే తెలుగే వస్తుంది, అదీ కొద్ది ఎంబీల్లో. ఫోన్ హాట్‌స్పాట్ మీద రోజువారీ డేటాతో నెట్టుకొచ్చే పిల్లలకు ఇది చిన్న విషయం కాదు. వెర్షన్ కాస్త పాతది వస్తుందన్న మాట నిజమే. ఉబుంటు 22.04లో టెసరాక్ట్ 4.1.1, 24.04లో 5.3.4 ఉంటాయి. మన పనికి రెండూ సరిపోతాయి.

ఆప్ట్‌లో నాకు బాగా నచ్చే సంగతి ఇంకొకటుంది. ‘ఆప్ట్’ బదులు ‘ఆప్ట్-గెట్’ వాడితే దించుకున్న ప్యాకేజీ ఫైళ్లు చెరిగిపోకుండా సిస్టమ్‌లోనే ఉంటాయి. వాటిని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, అదే వెర్షన్ ఉబుంటు ఉన్న మిగతా సిస్టమ్‌లలో నెట్ లేకుండానే ఎక్కించొచ్చు. ల్యాబ్ మొత్తానికి ఒక్కసారి దించుకుంటే సరి.

మ్యాక్ ఉన్నవాళ్లకు హోమ్‌బ్రూ. 2009 నుంచీ ఉంది, దాని మీద నమ్మకంగా ఆధారపడొచ్చు. కానీ ‘బ్రూ ఇన్‌స్టాల్ టెసరాక్ట్’ అంటే ఇంగ్లీషు వస్తుంది గానీ తెలుగు రాదు. ‘టెసరాక్ట్-లాంగ్’ కూడా అడగాలి. అడిగితే అన్ని భాషలూ కట్టగా, వందల ఎంబీలు దిగుతాయి. దానికంటే టెసరాక్ట్ వాళ్ల గిట్‌హబ్ పేజీ నుంచి తెలుగు డేటా ఫైలు ఒక్కటి తెచ్చి ‘టెస్‌డేటా’ ఫోల్డర్లో పెట్టుకోవడం మేలు. బ్రూను మొదటిసారి ఎక్కించాక చివర్లో ‘నెక్స్ట్ స్టెప్స్’ అని రెండు మూడు లైన్లు చూపిస్తుంది. అవి కాపీ చేసి రన్ చేయకపోతే కొత్త మ్యాక్‌లలో బ్రూ కమాండే దొరకదు.

ఇక మన దగ్గర ఎక్కువమందికి ఉండేది విండోస్. తిప్పలన్నీ ఇక్కడే. విండోస్ 11లో వింగెట్ ముందే ఉంటుంది, కొత్తగా ఏమీ తెచ్చుకోనక్కర్లేదు. కాకపోతే వింగెట్ చేసేది టెసరాక్ట్ సెటప్ ఫైలును దించి చడీచప్పుడు లేకుండా నడపడమే. భాషలకు టిక్ పెట్టుకునే పేజీ మనకు కనిపించదు, దాంతో తెలుగు రాదు. పైగా ఆ సెటప్ పాత్ (కమాండ్ల కోసం విండోస్ వెతికే ఫోల్డర్ల జాబితా) సెట్ చేయదు. ‘అన్నా, ఇన్‌స్టాల్ అయిందంటుంది, కమాండ్ కొడితే మాత్రం గుర్తుపట్టట్లేదు’ అని ఫోన్ వచ్చిందంటే దాదాపు ఇదే కారణం. దీనికి మందు ఉంది. కమాండ్ చివర ‘ఇంటరాక్టివ్’ ఆప్షన్ ఇస్తే సెటప్ పేజీలు మామూలుగా తెరుచుకుంటాయి, అదనపు భాషల్లో తెలుగుకు టిక్ పెట్టొచ్చు. తర్వాత ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లోకి వెళ్లి టెసరాక్ట్ ఫోల్డర్‌ను పాత్‌లో మనమే కలపాలి. ఆపైన టెర్మినల్ మూసి కొత్తది తెరవాలి.

ఇంత పని ఎందుకనుకుంటే స్కూప్ ఉంది. టెర్మినల్ సాధనాలకు విండోస్‌లో నా ఓటు దీనికే. అన్నిటినీ మన యూజర్ ఫోల్డర్లోనే పెడుతుంది కాబట్టి అడ్మిన్ పాస్‌వర్డ్ అడగదు. అడ్మిన్ పాస్‌వర్డ్ చేతికివ్వని కాలేజీ ల్యాబుల్లో పవర్‌షెల్ నడవనిస్తే చాలు. కమాండ్ దొరికే ఏర్పాటు అదే చూసుకుంటుంది. భాషల ప్యాకేజీ మాత్రం బ్రూలో లాగే కట్టగా వస్తుంది, ఇక్కడా తెలుగు ఫైలు ఒక్కటే తెచ్చుకోండి.

ప్రోగ్రామింగ్ గట్టిగా నేర్చుకోవాలనుకునేవాళ్లు, ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంటే, విండోస్‌లోనే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ పెట్టుకోండి. లోపల ఉబుంటు వస్తుంది, ఆప్ట్ సుఖమంతా దక్కుతుంది. మొదట దిగే సైజు ఎక్కువ, అడ్మిన్ అనుమతి కూడా కావాలి. అందుకని రెండు మూడు పేజీల ఓసీఆర్ కోసమైతే వద్దంటాను.

ఏ దారిలో ఎక్కించినా ‘టెసరాక్ట్ --లిస్ట్-లాంగ్స్’ కమాండ్ ఇచ్చి చూడండి. జాబితాలో ‘టెల్’ కనిపించాకే పేజీ ఇవ్వండి. మధ్యలో ఇంగ్లీషు పదాలు, సర్వే నంబర్లు ఉన్న కాగితమైతే భాష దగ్గర ‘టెల్ ప్లస్ ఇంగ్’ అని రాయండి. వచ్చిన పాఠంలో ఒత్తులు మాత్రం అసలు పేజీ పక్కన పెట్టుకుని ఒకసారి సరిచూడాలి. స్కాన్ మసకగా ఉంటే ముందు పోయేవి అవే.