లానో కౌంటీలో ఉమ్మడి వేట లీజు: కొన్ని సీజన్లు వాడాక

పెద్ద కొమ్ముల జింక తల ఒకటి గోడకు తగిలించుకోవాలన్న కోరిక తప్ప ఇంకేం లేనివాళ్లకు ఇలాంటి లీజు దండగ. ఫ్రీజర్‌లో మంచి మాంసం ఉంటే చాలు, జింకల మందను చూసుకునే పనిలో కూడా చెయ్యి వేస్తాం అనేవాళ్లకైతే పెట్టిన డబ్బు వృథా కాదు. ఆస్టిన్ నుంచి కొందరం, డాలస్ నుంచి కొందరం కలిసి తీసుకున్న రాంచ్ ఇది. అందులో తెలుగువాళ్లం ఇద్దరమే.

టెక్సస్‌లో భూమి తొంభై శాతానికి పైగా ప్రైవేటు చేతుల్లోనే ఉంది. అందుకే ఇక్కడ వేట అంటే చాలామందికి లీజే దారి. భూమి ఓనర్‌దే అయినా జింకలు రాష్ట్ర ప్రజలవి. మనం డబ్బు కట్టేది లోపలికి వెళ్లి వేటాడే అనుమతికి మాత్రమే. పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంట్ ఇచ్చే హంటింగ్ లీజ్ లైసెన్స్ ఓనర్ దగ్గర ఉందో లేదో సంతకం పెట్టేముందే అడగండి.

వైట్‌టెయిల్ జింకలు బాగా కిక్కిరిసి ఉండే కౌంటీల్లో లానో ఒకటి. అక్కడ జింకలు కనిపించకపోవడమనే సమస్యే లేదు, ఎక్కువైపోవడమే సమస్య. తోడేళ్లు ఎప్పుడో పోయాయి. 1960ల్లో స్క్రూవర్మ్ ఈగను కూడా చాలావరకు తరిమేశారు. అంతకుముందు అప్పుడే పుట్టిన జింక పిల్లల పచ్చిబొడ్డు మీద ఆ ఈగ గుడ్లు పెట్టేది, పురుగు పట్టి పిల్లలు చచ్చిపోయేవి. ఆ రెండు అడ్డులూ పోయాక మంద పెరుగుతూనే ఉంది. మేం తీసుకున్న మొదట్లో ఓక్ చెట్లకు కింద ఆకన్నది ఉండేది కాదు. జింక మూతికి అందినంత ఎత్తు వరకు గీత గీసినట్టు ఖాళీ. తిండి చాలని మందలో కొమ్ములూ ఎదగవు, ఒళ్లూ ఎదగదు. పెద్ద మగది కావాలంటే ముందు ఆడవాటిని తగ్గించాలి. ఈ ముక్క అందరూ ఒప్పుకుంటారు, తీరా సీజన్ మొదలయ్యాక చేసేవాళ్లు తక్కువ.

మా రాంచ్ మేనేజ్డ్ ల్యాండ్స్ డీర్ ప్రోగ్రామ్‌లో ఉంది, అంటే మందను లెక్క ప్రకారం చూసుకునే భూములకు డిపార్ట్‌మెంట్ నడిపే పథకం. ఆగస్టు రాత్రుల్లో ట్రక్కు మీద నుంచి లైటు వేసి లెక్క పెడతాం. మగవెన్ని, ఆడవెన్ని, పిల్లలెన్ని అని రాసుకుంటాం. దాన్ని బట్టి డిపార్ట్‌మెంట్ ట్యాగులు ఇస్తుంది, ఒక్కో ట్యాగు ఒక్కో జింకను కొట్టడానికి అనుమతి. సీజన్ కూడా ఫిబ్రవరి చివరిదాకా ఉంటుంది కాబట్టి హడావిడి లేదు. అయితే ఆ ట్యాగులు మనిషికి కాదు, రాంచ్‌కి ఇస్తారు. గొడవలన్నీ అక్కడే పుడతాయి. మగ ట్యాగులు కొన్నే, అవి అందరికీ కావాలి. ఆడ ట్యాగులు బోలెడు, వాటి ముఖం చూసేవాళ్లు లేరు. నవంబర్‌లో మగవి ఎదకొచ్చే రోజుల్లో అందరూ వస్తారు. జనవరిలో ఆడవాటి కోటా పూర్తి చేయడానికి రమ్మంటే అందరికీ ఆఫీసులో పనులే.

కొత్తవాళ్లు నేర్చుకోవాల్సినవాటిలో ముఖ్యమైంది, ఆడదనుకుని ఆ ఏడు పుట్టిన మగ పిల్లను కాల్చకపోవడం. దానికి కొమ్ములు ఇంకా చర్మం కింద గుబ్బల్లాగే ఉంటాయి, దూరానికి కనపడవు. ఫీడర్ (మొక్కజొన్న చల్లే డబ్బా) దగ్గరికి ముందుగా ఒంటరిగా, బెదురు లేకుండా వచ్చేది చాలాసార్లు అదే. అందుకే ఒంటరిగా వచ్చిన కొమ్ముల్లేని జింకను కాల్చకూడదని మా నియమం. రెండు మూడు కలిసి వచ్చేదాకా ఆగి పక్కపక్కన పోల్చి చూడాలి. పెద్ద ఆడదానికి మూతి పొడుగు, ఒళ్లు కూడా పొడుగ్గా కనిపిస్తుంది, చెవుల మధ్య తల గుండ్రంగా ఉంటుంది. పిల్ల మగదానికి అక్కడ చదునుగా ఉంటుంది, మూతి పొట్టి, ఒళ్లు చతురస్రం. సీజన్ మొదట్లో ఈ తేడా తేలిగ్గా తెలుస్తుంది, జనవరికి పిల్లలూ ఎదిగిపోతాయి. ఆడవాటి పని ముందే ముగించమని నేను పోరేది ఇందుకే.

కొట్టిన ప్రతి జింకకూ బరువు, పాలు ఉన్నాయా లేదా, కింది దవడ, ఇవన్నీ పుస్తకంలోకి ఎక్కాలి. దవడ పళ్లలో ముందు నుంచి మూడోది చూస్తాం. దానికి మూడు గుబ్బలుంటే సుమారు ఏడాదిన్నర లోపుది. ఆ పాల పన్ను ఊడి రెండు గుబ్బలది వచ్చిందంటే అంతకంటే పెద్దది. ఆపైన వయసును అరుగుదల చూసి అంచనా కడతారు. మొదట్లో ఇదంతా చాదస్తమనిపించింది. ఇప్పుడు ఒకే వయసు ఆడవాటి బరువులు ఏటేటా కాస్త పెరుగుతుంటే అదే పుస్తకం తీసి అందరికీ చూపిస్తున్నాను.

గాయపడి దొరక్కుండా పోయిన జింక కూడా కాల్చినవాడి కోటాలోనే పడుతుంది. ఈ నియమం పెట్టాక దూరపు షాట్లు వాటంతటవే తగ్గాయి. క్యాంపులో మ్యాప్ బోర్డు మీద ఎవరు ఏ బ్లైండ్‌లో (వేటకు దాక్కునే గూటిలో) కూర్చుంటున్నారో పేరు తగిలించకుండా గేటు దాటకూడదు. ఇందులో బతిమాలుకోవడాలు లేవు.

నచ్చనివీ ఉన్నాయి. మొక్కజొన్న ఖర్చు లెక్కకు అందదు, సగం అడవి పందులే తింటాయి. ఆగస్టు ఎండలో ఫీడర్లు బాగుచేసే రోజున కనపడని మెంబర్లు నవంబర్ మొదటి శనివారం తెల్లారకముందే దిగుతారు. మాంసం కోసిచ్చే చోట రద్దీ రోజుల్లో మన జింక మనకే వచ్చిందా అన్న అనుమానం. ఇప్పుడు నేను ఇంట్లోనే కోసుకుంటున్నాను. కొవ్వు తక్కువ మాంసం, కీమాకు బాగుంటుంది. మిగిలిన జింకలను, వేట మాంసాన్ని ఆకలితో ఉన్నవాళ్లకు చేర్చే హంటర్స్ ఫర్ ది హంగ్రీకి ఇస్తాం.

మనవాళ్లకు వింతగా ఉండేది చుక్కల దుప్పి. నల్లమలలో తిరిగేదే. 1932 ప్రాంతంలో టెక్సస్‌కు తెచ్చారు, తర్వాత హిల్ కంట్రీ అనే ఇక్కడి కొండ ప్రాంతమంతా పాకింది. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని ముట్టుకుంటే జైలు. ఇక్కడ దానికి సీజన్ లేదు, పరిమితి లేదు, లైసెన్స్, ఓనర్ అనుమతి ఉంటే చాలు. ఆకూ అలమూ అయిపోతే గడ్డితో బతికేస్తుంది. వైట్‌టెయిల్‌కు గడ్డి సరిగా అరగదు, కాబట్టి కరువొస్తే ఓడిపోయేది అదే. అందుకే మా రాంచ్‌లో దుప్పి కనిపిస్తే కోటా అడగరు. మా తెలుగు మిత్రుడు మాత్రం ఇప్పటికీ దాని మీద తుపాకీ ఎత్తడు.

హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు ఒక మాట. నాన్-ఇమిగ్రెంట్ వీసా ఉన్నవాళ్లు తుపాకీ గాని తూటాలు గాని దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. తుపాకీ పట్టుకునేముందే లైసెన్స్ తీసుకోండి, మీ లాయర్‌నూ అడగండి. 1971 సెప్టెంబర్ 2న గాని ఆ తర్వాత గాని పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చేయాలి.

ఈసారి రెన్యువల్‌లో, ఆడవాటి కోటా పూర్తి చేయనివాళ్లకు మరుసటి ఏడు మగ ట్యాగ్ ఉండదని కాగితం మీద రాయించాం. ఇద్దరు మానేశారు. ఆ చోట్లకు ఇంకా ఎవరూ దొరకలేదు, వాళ్ల వాటా ఈ ఏడు మిగిలినవాళ్ల మీదే పడింది.